ఒకటో నంబరు జెర్సీ

సోమవారం పొద్దున ఏడు కొట్టేసరికి లాండ్రీ అత్త క్లబ్బు మెట్ల కింది గది తాళం తీసేది. ముందు కిటికీ, తర్వాత బాయిలరు, ఆ తర్వాత ఆదివారం నాటి మూట. మూట విప్పి నేల మీద కుమ్మరించి నంబర్ల వారీగా పేర్చేది. జెర్సీలు పదిహేను, నిక్కర్లు పదహారు, మేజోళ్ళు ముప్ఫై రెండు ఉండాలి. మేజోళ్ళు ఎప్పుడు లెక్కపెట్టినా ముప్ఫై ఒకటే ఉండేవి. ఆ ఒక్కదాన్ని ఎవరు మాయం చేస్తున్నారన్న అనుమానం ఆవిడకు తొమ్మిదేళ్ళుగా ఉంది. నలుగురి మీద ఉంది. ఒకసారి కోచ్ మీద కూడా వచ్చింది.

గదిలో పెద్ద యంత్రం ఒకటి ఉండేది గానీ గడ్డి మరక యంత్రానికి లొంగదు. అందుకని జెర్సీలన్నీ ఆవిడే తొట్టెలో నానబెట్టి, సబ్బు పెట్టి, చేత్తో రుద్ది, జాడించి, గోడ వెంట ఉన్న వేడి గొట్టాల పక్కన తీగ మీద ఆరేసేది.

ఆవిడ చేత్తో ఉతికిన బట్టకు ఒక గుణం ఉండేది. దాన్ని వేసుకున్న మనిషి ఎవరికీ చెప్పని సంగతి ఏదైనా కడుపులో పెట్టుకుని ఉంటే ఆ బట్ట ఆరేది కాదు. పిండినా, గొట్టం మీద పరిచినా, ఇస్త్రీ చేసినా గంట తిరక్కుండా మళ్ళీ నీళ్ళు కారేది. ఆ సంగతి ఎవరో ఒకరి చెవిన వేశాడా, నిమిషంలో పెళపెళలాడేలా ఆరిపోయేది. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. కొందరు ఉతికితే బట్ట బిగుసుకుపోతుంది, కొందరు ఉతికితే రంగు దిగుతుంది, ఈవిడ ఉతికితే ఇలా అవుతుంది, అంతే. ఆటగాళ్ళు మంగళవారం జెర్సీల కోసం వచ్చి, తమది తడిగా కనిపిస్తే తల గోక్కుంటూ ఇంటికి వెళ్ళి, పెళ్ళాంతోనో తండ్రితోనో ఏదో చెప్పేసి, సాయంత్రానికి పొడి జెర్సీ పట్టుకుపోయేవాళ్ళు. ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. ఇంట్లో మాత్రం ఆవిడ కూతురు పన్నెండో ఏటి నుంచే తన గౌన్లు తనే ఉతుక్కుంది. ఆవిడ మొగుడు బతికున్నన్నాళ్ళూ తన చొక్కాలు రెండు వీధుల అవతలి దుకాణంలో వేసేవాడు. ఎందుకని అడిగితే అక్కడ గంజి బాగా పెడతారనేవాడు. ఆయన పోయి పదేళ్ళయినా ఆ గంజి మాట ఆవిడ మనసులో ముల్లులా అలాగే ఉండిపోయింది.

అది కాగితం మిల్లువాళ్ళ హాకీ జట్టు. ఆటగాళ్ళందరికీ మిల్లులోనే ఉద్యోగాలు. ఆ ఏడాది జట్టుకు ఏం పట్టిందో ఎవరికీ అంతుబట్టలేదు. లీగులో అందరికన్నా పైనున్న జట్టును ఐదు ఒకటితో చితక్కొట్టి, ఆ మరుసటి ఆదివారమే అట్టడుగున ఉన్న జట్టు చేతిలో మూడు సున్నాతో ఓడింది. ఒక వారం పులుల్లా ఆడేవాళ్ళు, ఇంకో వారం చూస్తే నిద్రలోంచి లేపి తెచ్చినట్టుండేవాళ్ళు. మనుషులు అవే, స్టిక్కులు అవే, మైదానం కూడా అదే. గెలిచిన రోజున చప్పట్లు కొట్టినవాళ్ళే ఓడిన రోజున చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు.

క్లబ్బు కార్యదర్శి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గొంతు సవరించుకుంటూ ఉండే మనిషి. ఒక మంగళవారం పది గంటలకు ఆయన లాండ్రీ గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. జట్టులో ఎవడో తడిగుడ్డతో గొంతు కోస్తున్నాడనీ, వాడెవడో తీగ మీద చూస్తే తెలిసిపోతుందనీ, ఇకమీదట ఏ వారం ఏ నంబరు ఆరలేదో ఒక పుస్తకంలో రాసి తనకివ్వాలనీ చెప్పాడు. లాండ్రీ అత్తకు లోపల కాస్త గర్వంగానే అనిపించింది. తొమ్మిదేళ్ళలో ఆవిడ అనుమానాలు తనకు కావాలని ఒక పెద్దమనిషి అడగడం అదే మొదలు.

రెండో వారం ఆవిడ పదకొండో నంబరు రాసింది. పదకొండో నంబరు కుర్రాణ్ణి గాలిపటం అనేవాళ్ళు. ఎడమ అంచు వెంట ఆ చివరి నుంచి ఈ చివరికి ఎగిరినట్టు పరిగెత్తేవాడు. దాడికి వెళ్ళినవాడే మళ్ళీ వెనక్కొచ్చి గోలు ముందు కాపలా కాసేవాడు. అతని జెర్సీ మూడు రోజులు కారింది. కార్యదర్శి రెండో మాట లేకుండా అతన్ని జట్టులోంచి తీసేశాడు. తర్వాత బయటపడ్డ సంగతేమిటంటే, అతని భార్య రెండు నెలల కిందటే పుట్టింటికి వెళ్ళిపోయింది. ఏదో ఉద్యోగ శిక్షణకు వెళ్ళిందని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. గుట్టు బయటపడ్డాక జెర్సీ ఆరింది గానీ మనిషి తిరిగి రానన్నాడు. కోచ్ లాండ్రీ గదికి వచ్చి, పుస్తకం వైపు ఒకసారి చూసి, "నువ్వు రాసింది అబద్ధం కాదు అక్కా. అదే నా బాధ," అని వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆవిడకు గుచ్చుకుంది. అయినా రాయడం మానలేదు. ఆటగాళ్ళేమో ఇప్పుడు సోమవారం నుంచే కిటికీలోంచి తొంగిచూసి ఎవరిది తడిగా ఉందో కనిపెట్టేవాళ్ళు. ఆదివారం వచ్చేసరికి తడి జెర్సీవాడికి ఎవరూ బంతి అందించేవాళ్ళు కాదు. ఒక వారం ముగ్గురివి తడిసి, జట్టు ఎనిమిది మందితో ఆడినట్టే ఆడింది.

వీటన్నిటికీ మించిన అనుమానం ఒకటి ఆవిడకు ఇంట్లోనే ఉంది.  మూటలోకి పదిహేను జెర్సీలే వచ్చేవి. పదహారోది గోల్ కీపర్‌ది, ఒకటో నంబరు. అతన్ని అందరూ తలుపు అని పిలిచేవాళ్ళు, వేసిందంటే ఇక ఏదీ లోపలికి పోదని. జట్టంతా ఆవిడను అత్తా అని పిలిచినా నిజంగా అల్లుడైంది అతనొక్కడే. పెళ్ళయిన నాటి నుంచీ అతను తన జెర్సీ ఇంటికి పట్టుకెళ్ళి తనే ఉతుక్కునేవాడు. అత్తగారి చేత బట్టలుతికించుకుంటే ఏం బాగుంటుందని మర్యాదగా అనేవాడు. విన్నవాళ్ళు ఎంత మంచి అల్లుడో అనేవాళ్ళు. ఆవిడకు మాత్రం గంజి గుర్తొచ్చేది.

కూతురూ అల్లుడూ ఆవిడ ఇంటి మేడ మీదే ఉండేవాళ్ళు. కూతురికి ఏడో నెల. మధ్యాహ్న భోజనాలు కిందే, అందరూ కలిసి. ఆరు నెలలుగా ఆవిడ అల్లుణ్ణి కనిపెట్టి చూస్తూనే ఉంది. ఒకప్పుడు కిటికీ వైపు కూర్చునేవాడు, కారణం చెప్పకుండా గోడ వైపుకు మారాడు. మెట్ల దగ్గర ఎదురైతే ఒక్కోసారి నవ్వుతూ పలకరించేవాడు, ఒక్కోసారి పక్కనే నిలబడ్డా గోడను దాటినట్టు దాటిపోయేవాడు. మంచినీళ్ళు పోసుకుంటూ గ్లాసు పక్కన పోసేవాడు. మనసు ఇక్కడ లేదన్నమాట. మనసు ఇక్కడ లేకపోతే ఎక్కడుందన్నది ఆవిడ ప్రశ్న. కూతురితో అంటే, ఆయన అలసిపోతున్నాడమ్మా అనేది. కూతురు కూడా ఏదో దాస్తోందని ఆవిడ ఇంకో అనుమానం జోడించుకుంది.

ఎలాగో పడుతూ లేస్తూ జట్టు ప్లే ఆఫ్‌కు చేరింది. సెమీఫైనల్ చూడటానికి మిల్లు మిల్లంతా వచ్చింది. సగం ఆట అయ్యేసరికి మూడు సున్నాతో ముందున్నారు. కార్యదర్శి లేచి నిలబడి అందరికీ చేతులు ఊపాడు. తర్వాత అవతలి కోచ్ ఏం చూశాడో ఏమో, బంతినంతా ఒకే వైపు తోలించడం మొదలుపెట్టాడు. గాలిపటం ఉండాల్సిన అంచు ఖాళీగా ఉంది. అటు నుంచి వచ్చిన మొదటి బంతికి గోల్ కీపర్ కదల్లేదు. రెండోదానికి ఆలస్యంగా పడ్డాడు. మూడోది అతని ప్యాడ్‌కు జానెడు దూరంలో పోయింది. ఆట ముగియడానికి రెండు నిమిషాలున్నాయనగా నాలుగో బంతి మెల్లగా, ఇంట్లోకి పిల్లి వచ్చినంత నింపాదిగా దొర్లుకుంటూ వచ్చింది. తలుపు ఇంకో పక్కకు చూస్తూ నిలబడ్డాడు. బంతి వెనక చెక్కకు తగిలిన చప్పుడుకు తిరిగి చూశాడు.

ప్రేక్షకుల మెట్ల మీద జనం లేచారు. తర్వాత వెనక వరసలోంచి ఎవరో "అమ్ముడుపోయాడు" అన్నారు. లాండ్రీ అత్త వెనక్కి తిరిగి చూడలేదు. ఆ మాట తన లోపలి నుంచే వచ్చినట్టు అనిపించింది ఆవిడకు.

ఆ సాయంత్రమే కార్యదర్శి కబురు పంపాడు. ఈసారి పదహారు జెర్సీలూ ఆవిడే ఉతకాలి, ఒకటో నంబరుతో సహా. మంగళవారం పది గంటలకు కమిటీ వచ్చి తీగ చూస్తుంది. ఎవరిది తడిగా ఉంటే వాడికి జట్టులోనూ మిల్లులోనూ చోటుండదు. ఆ సాయంత్రం ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఎన్ని గుట్లు బయటపడ్డాయో చెప్పలేం. ఫుల్ బ్యాక్ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆరో నంబరువాడు తన అన్నగారి సైకిలు పోగొట్టింది తనేనని పదిహేనేళ్ళ తర్వాత ఒప్పుకున్నాడు. అల్లుడు మాత్రం మేడ దిగి వచ్చి, మట్టి కొట్టుకుపోయిన జెర్సీ మడిచి అత్తగారి చేతికిచ్చి పైకి వెళ్ళిపోయాడు.

సోమవారం పదకొండింటికి తీగ మీద పదిహేను జెర్సీలు ఆరి ఊగుతున్నాయి. ఒకటో నంబరు కింద మడుగు కట్టింది. ఆవిడ దాన్ని మూడుసార్లు పిండింది. నాలుగోసారి పిండలేదు. చేతికి తగిలించుకుని, ఏప్రాన్ కూడా విప్పకుండా, మైదానం దాటి మిల్లు స్టోరు వైపు నడిచింది. దారి పొడవునా నీటి చుక్కలు. నడుస్తున్నంతసేపూ అనాల్సిన మాటలు పేర్చుకుంటూనే ఉంది. నా కూతురి గొంతు కోశావు అనాలి. కడుపుతో ఉన్న మనిషి ముఖం ఎలా చూస్తున్నావు అనాలి. ఎంతకు అమ్ముడుపోయావు అని మాత్రం అడగకూడదు, ఆ జవాబు వినే ఓపిక లేదు.

అల్లుడు స్టోరులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కాగితం రీముల చీటీలు రాస్తున్నాడు. ఆవిడ అతని ఎడమ పక్కగా వెళ్ళి నిలబడింది. అతను తలెత్తలేదు. మళ్ళీ ముఖం చాటేస్తున్నాడనుకుంది. ఒళ్ళు మండిపోయి జెర్సీని అతని చెంపకు బెత్తెడు దూరంలో చాపి పట్టుకుంది. అతను రాస్తూనే ఉన్నాడు. ఒక చుక్క చీటీ మీద పడింది. ఇంకొకటి పడింది. అక్షరం అలుక్కుపోయింది. అతను కలం ఆపి, తలెత్తి, పైకప్పు వైపు చూశాడు.

"కారుతున్నట్టుంది," అని తనలో తను అనుకుంటూ చీటీని పక్కకు జరుపుకున్నాడు.

లాండ్రీ అత్త చెయ్యి అలాగే ఉండిపోయింది. దారంతా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోట్లో మిగల్లేదు. మెట్ల దగ్గర తను నిలబడింది ఏ పక్కన, గోడ వైపు కుర్చీలో కూర్చుంటే భార్య ఏ పక్కకు వస్తుంది, నాలుగు బంతులూ ఎటు నుంచి వచ్చాయి, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి ఆవిడ కళ్ళ ముందు నిలబడ్డాయి.

"ఎప్పటి నుంచి బాబూ?" అంది.

అతను ఉలిక్కిపడి తల పూర్తిగా ఇటు తిప్పాడు. అప్పుడు గానీ ఆవిడా జెర్సీ కనిపించలేదు.  తర్వాత చీటీలు సర్దుతూ, వాటితో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. పోయిన వానాకాలం ప్రాక్టీసులో బంతి హెల్మెట్‌కు బలంగా తగిలింది. వారం తర్వాత ఎడమ కంట్లో మసి రాలినట్టు నల్ల చుక్కలు కనిపించాయి. తర్వాత పక్క నుంచి తెర దిగడం మొదలైంది, రోజుకింత. బంతి కుడి నుంచి వస్తే ఆపేవాడు, ఎడమ నుంచి వస్తే దేవుడి మీద భారం వేసేవాడు. గాలిపటం ఉన్నన్నాళ్ళూ ఆ పక్క బంతి రానీయలేదు. కీపర్ కాకపోతే మిల్లులో తనకు ఈ కుర్చీ కూడా ఉండదు. బిడ్డ పుట్టేదాకా నెట్టుకొద్దామనుకున్నాడు.

"దానికి చెప్పకండి అత్తయ్యా. ఏడో నెల. ఒట్టు వెయ్యండి."

ఆవిడ చేతిలో జెర్సీ పెళుసుగా తగిలింది. చూస్తే పూర్తిగా ఆరిపోయి ఉంది, ఇస్త్రీ పెట్టినట్టు. ఆవిడ ఒట్టు వేసింది. మైదానం సగం దాటాక కాళ్ళకు ఏదో చల్లగా తగిలింది. కిందికి చూసుకుంటే ఏప్రాన్ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. తన బట్టలు తనే ఉతుక్కునే మనిషి, ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా అవి ఆరకపోవడం ఎరగదు. ఎవరి మీద ఏ అనుమానం వచ్చినా ఎవరో ఒకరితో అనేసే మనిషికి కడుపులో దాచుకునేందుకు ఏముంటుంది.

మంగళవారం పది గంటలకు కమిటీ వచ్చింది. కార్యదర్శి పదహారు జెర్సీలనూ ఒక్కొక్కటిగా వేళ్ళతో నలిపి చూశాడు. ఒకటో నంబరును రెండుసార్లు నలిపాడు, చంక కింద కూడా తడిమాడు. అన్నీ పొడిగానే ఉన్నాయి. ఆయన ముఖం మాడిపోయింది. ఆవిడ తొట్టె పక్కన ఏప్రాన్ మీంచి నీళ్ళు ధారగా కారుతుండగా నిలబడి ఉంది. లాండ్రీ మనిషి తడిగా ఉంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది. "నేల కాస్త తుడుచుకోమ్మా, జారిపడేలా ఉన్నాం," అన్నాడు కార్యదర్శి. తర్వాత గొంతు సవరించుకుని, ఎవరి తప్పూ లేదని తేలిందనీ, జట్టు ఇలాగే కొనసాగుతుందనీ, గురువారం నుంచి మళ్ళీ ప్రాక్టీసనీ ప్రకటించాడు. కోచ్ గోల్ కీపర్ భుజం తట్టాడు. అతను తల వంచుకుని నవ్వాడు.

గురువారం అన్న మాట ఆవిడ చెవిలోనే ఉండిపోయింది. ఇంకో బంతి హెల్మెట్‌కు తగిలితే?

ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చునే ముందు ఏప్రాన్ విప్పేసింది. విప్పితే లోపలి చీర తడిసిపోయింది. మార్చుకుంటే మార్చుకున్నదీ తడిసింది. అలాగే వచ్చి కూర్చుంది. అల్లుడు తన గోడ వైపు కుర్చీలో ఉన్నాడు. కూతురు అన్నం వడ్డిస్తూ ఒక చేత్తో నడుము పట్టుకుని వంగింది, తల్లి కుర్చీ కింద నీళ్ళు చూసింది. గరిటె పక్కన పెట్టి, తల్లి కొంగు అంచు వేళ్ళతో పట్టుకుని పిండింది. నీళ్ళు కారాయి. మళ్ళీ పిండింది. మళ్ళీ కారాయి.

"ఏం దాస్తున్నావమ్మా?" అంది. గొంతు పెంచలేదు.

"ఏం లేదు. నువ్వు తిను."

"నీకు దాచడం చేతకాదు. నాన్న గంజి సంగతి నాకు ఏడేళ్ళప్పుడే చెప్పావు. నా గురించి కాకపోతే ఆయన గురించే." కూతురు మొగుడి వైపు తిరగలేదు, తల్లి ముఖాన్నే చూస్తూ నిలబడింది. లాండ్రీ అత్త కంచంలోకి చూసింది.  నీళ్ళు కుర్చీ కాళ్ళ వెంట కారి, నేల మీద పాయగా సాగి, బల్ల కింద నుంచి అల్లుడి పాదాల దాకా వెళ్ళాయి.

అతను పాదాలు వెనక్కి తీసుకోలేదు. కాసేపు చూసి, "అత్తయ్య తప్పు కాదు. నేనే చెబుతా, కూర్చో," అన్నాడు.

కూర్చుంది. అతను చెప్పాడు. కూతురు ఏడవలేదు. చెయ్యి చాపి అతని ఎడమ కంటి ముందు వేళ్ళు ఆడించి చూసింది. ఎన్ని అని అడగలేదు. లేచి చెప్పులు వేసుకుంది. అన్నాలు అలాగే వదిలేసి ముగ్గురూ కంటి ఆసుపత్రికి వెళ్ళారు.

డాక్టరమ్మ చాలాసేపు దీపం పెట్టి చూసింది. ఎడమ కంటి లోపలి పొర ఊడిపోయి చాలా రోజులైంది, ఆ చూపు ఇక రాదని చెప్పింది. తర్వాత కుడి కంట్లోకి చూసి కుర్చీ ముందుకు లాక్కుంది. అక్కడ కూడా పొర పలచబడి రెండు చోట్ల చిరుగు మొదలైంది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని కాదు, ఏం చూసి ఇవాళ వచ్చారు అని అడిగింది. ఇంకో రెండు వారాలు ఆగినా, గట్టి దెబ్బ ఒక్కటి తగిలినా, అదీ పోయేదట. "మా అమ్మ చీర ఆరలేదండీ," అంది కూతురు. డాక్టరమ్మ తలూపి, అది కూడా చీటీలో రాసుకుని, ఆ సాయంత్రమే లేజర్ కిరణాలతో చిరుగులు అతికింది. బయటి బెంచీ మీద కూర్చున్న లాండ్రీ అత్త చీర ఎప్పుడో ఆరిపోయింది. ఆవిడ ఆ సంగతి గమనించనే లేదు.

మిల్లువాళ్ళు అతని కుర్చీ తీయలేదు. తీస్తారేమోనని లాండ్రీ అత్త మూడు నెలలు స్టోరు మేనేజరు మీద కన్నేసి ఉంచింది. పుస్తకం మాత్రం కార్యదర్శి బల్ల మీద పెట్టేసి, ఇక రాయనని చెప్పేసింది. పనిలో ఉండాలంటే రాయాల్సిందేనని ఆయన బెదిరించాడు. అయితే జెర్సీలన్నీ యంత్రంలోనే వేస్తాను, మరకలు పోకపోతే నన్నడక్కండి అంది. అప్పటి నుంచీ జట్టు భుజాల దగ్గరా మోచేతుల దగ్గరా పచ్చటి మరకలతోనే ఆడుతోంది. ఒక ఆదివారం పొద్దున ఆవిడ గాలిపటం ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడి, నావల్ల తప్పయింది నాయనా అంది. అతను లోపలికి రమ్మన్నాడు, అయితే వెంటనే కాదు. జట్టులోకి మాత్రం మరుసటి సీజనుకు గానీ రాలేదు.

ఆ సీజను మొదటి ఆటకు మెట్ల మీద ఐదో వరసలో ముగ్గురూ కూర్చున్నారు. కూతురి ఒళ్ళో ఐదు నెలల పిల్ల. అల్లుడు మధ్యలో కూర్చుని, తన స్థానంలో నిలబడ్డ కొత్త కీపర్‌ను రెప్ప వేయకుండా చూస్తున్నాడు. లాండ్రీ అత్త అతని ఎడమ పక్కన కూర్చుంది. జట్టు మొదటి పది నిమిషాల్లో రెండు గోల్స్ చేసింది. తర్వాత ఏమైందో ఏమో, ఎవరికి వాళ్ళు నిలబడిపోయారు.

మైదానం ఎడమ పక్కన ఒక్కసారిగా గోల లేచింది. అల్లుడు తల తిప్పలేదు, కొత్త కీపర్ మీది నుంచి చూపు మరల్చలేదు.

"ఎడమ వైపు ఏం జరుగుతోందత్తయ్యా?"

ఆవిడ ముందుకు వంగి, కళ్ళు చిట్లించి చూసింది.

"బంతి మన గాలిపటం దగ్గరే ఉంది. భయం లేదు," అంది. మళ్ళీ చూసి, "ఆ అంపైరు మీద మాత్రం నాకు అనుమానంగా ఉంది బాబూ," అంది.